ఇంట్లో కుట్టిన కానుక

(మన సంఘం వార్షిక సభలో మహిళా విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద పెద్ద విషయాలు మాట్లాడిన వారి తరువాత సూదీ దారం గురించి చెప్పమని మాకు పురమాయించారు. చిన్న విషయమే. కాని దీని వెనుక మన ఇళ్లలో అందరూ లోలోపల పడుతున్న ఇబ్బంది ఒకటి వుంది. ముందు అది చెప్పి, తరువాత కుట్టుపనిలోకి వస్తాము.

పెళ్లి, అఖీఖా, బిస్మిల్లా, ఈద్... ఏ పిలుపు వచ్చినా ఇంట్లో మొదట లేచే ప్రశ్న "ఏం పట్టుకెళ్దాం?" అనేదే. వాళ్లు మనకు అంత పెట్టారు, మనం ఇంతకు తగ్గితే ఏం బాగుంటుంది అనే లెక్క. చేతిలో లేకపోతే అప్పు. అప్పు పుట్టకపోతే ఒంట్లో బాగాలేదని కబురు పంపి ఇంట్లో కూర్చోవడం. కానుక అనేది మనుషులను దగ్గర చేయాలి గాని, అయినవారి గడప తొక్కనీయకుండా చేస్తే అదేం కానుక? అందుకని మేము చెప్పేది ఒక్కటే. చేత్తో కుట్టిన వస్తువు ఇవ్వడానికి మనం సిగ్గుపడకూడదు. పుచ్చుకునే వారు దాన్ని చిన్నచూపు చూడకూడదు.

ఈ పని మనకు కొత్తదీ కాదు. తెలుగువారందరూ వాడే దర్జీ, జేబు, అస్తరు, నాడా అనే మాటలు ఉర్దూ నుండి వచ్చినవే. మన ఊళ్లలో పత్తి ఏకి, పరుపులు, బొంతలు కుట్టి ఇచ్చింది నూర్‌బాషా సోదరులే. చేతిలో వున్న విద్యను మనమే తక్కువగా చూసుకుంటే ఎలా?

ఇక పనిలోకి వద్దాం. ముందుగా ఒక జాగ్రత్త. కొత్త నూలు గుడ్డ ఏదైనా సరే, ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరవేసి, ఇస్త్రీ చేసిన తరువాతే కత్తెర పెట్టండి. లేకపోతే కుట్టిన తరువాత మొదటి ఉతుకులోనే ముడుచుకుపోయి, కొలతలన్నీ తప్పుతాయి.

మొదటిది సంచి. మన దేశంలో 2022 జూలై 1 నుండి ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ వస్తువులను నిషేధించారు. అదే ఏడాది డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు కూడా పనికిరావన్నారు. కాబట్టి గుడ్డసంచి ప్రతి ఇంటికీ అవసరమే. పాత నూలు చీరె తీయండి. అయిదున్నర మీటర్ల పొడుగంటే సుమారు 216 అంగుళాలు, పన్నా 45 అంగుళాలు అనుకుందాం. 34 అంగుళాల పొడుగు, 16 అంగుళాల వెడల్పు చొప్పున కత్తిరిస్తే పొడుగున ఆరు, అడ్డంగా రెండు, మొత్తం 12 ముక్కలు వస్తాయి. ఇంకా 13 అంగుళాల వెడల్పు పట్టీ మిగులుతుంది. దానిలో 4 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడుగు గల చేతిపట్టీలు కనీసం 24 వస్తాయి. అంటే సంచికి రెండు చొప్పున లెక్క సరిపోయింది! చిరిగిన చోట్లు వదిలేస్తే సంచులు కొన్ని తగ్గుతాయి. చీరె మరీ పలుచనిదైతే రెండు పొరలు వేయాలి గనుక సగమే వస్తాయి. పట్టీని నాలుగు మడతలు వేసి కుట్టండి. సంచికి అతికే చోట నాలుగు పలకలుగా కుట్టి, మధ్యలో ఇంటూ గుర్తులాగా మరో కుట్టు వేయండి. సంచి తెగేది ఎప్పుడూ అక్కడే.

రెండవది తలగడ గలీబు. కొత్త కాపురానికి జత గలీబుల కంటే పనికివచ్చేది ఏముంది? 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడుగు గల తలగడకు 19 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడుగు గుడ్డ కావాలి. 44 అంగుళాల పన్నా గుడ్డ 1.60 మీటర్లు తెస్తే జత వస్తుంది. రెండు కొసలనూ అంగుళం చొప్పున మడిచి కుట్టండి. మంచివైపు పైకి వచ్చేటట్టు పరచి, ఒక కొస నుండి 27 అంగుళాలు మడవండి. అవతల మిగిలిన 6 అంగుళాల రెక్కను దాని మీదికి మడవండి. రెండు పక్కలా కుట్టి తిరగేయండి, అంతే. గుండీ అక్కరలేదు, కాజా అక్కరలేదు. మూలన సన్నని పూవు ఒకటి కుడితే ఇంకా అందం.

మూడవది పసిబిడ్డకు బొంత. అఖీఖాకు ఇంతకంటే మంచి కానుక మాకు తోచదు. నానమ్మ, అమ్మమ్మ కట్టి ఉతికి మెత్తబడిన నూలు చీరె అయితే మరీ మంచిది. 30 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడుగున నాలుగు పొరలు పరచి, పెద్ద పెద్ద కుట్లతో ముందు పొరలన్నీ నిలబెట్టుకోండి. తరువాత మధ్య నుండి అంచులకు అర అంగుళం దూరంలో వరుసలుగా కుట్టుకుంటూ రండి. అంచు నుండి మొదలుపెడితే నడుమ గుడ్డ ఉబ్బుతుంది. పూసలు, గుండీలు, తళుకులు పెట్టవద్దు, పిల్లలు నోట్లో పెట్టుకుంటారు. ఇది కింద పరచడానికే గాని, నిద్రపోయే బిడ్డ ముఖం మీదికి వచ్చేటట్టు కప్పడానికి కాదు.

ఇక చిన్నవి. వేడి గిన్నె దించే మసిగుడ్డకు 8 అంగుళాల చదరం చాలు. పాత తువాలు రెండు పొరలు లోపల పెట్టండి. అన్నీ నూలువే కావాలి, పాలియెస్టరు వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది. దస్తర్‌ఖాన్‌కు మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడుగు గుడ్డకు చుట్టూ రంగు అంచు వేస్తే సరి. రంజాన్ నెలలో దర్జీ దుకాణాల్లో కుప్పలుగా మిగిలే ముక్కలతో బటువాలు, ఖురాన్‌కు జుజ్‌దాన్లు కుట్టవచ్చు. బటువాకు నాడా ఎక్కించేటప్పుడు కొసకు పిన్నీసు గుచ్చితే సులువుగా దూరుతుంది.

చివరిగా రెండు మాటలు. ఒకటి, ఇంట్లో మిషను పెట్టుకుని బతికే అక్కల గురించి. "నీకేముందమ్మా, రెండు నిమిషాల పని" అని ఊరికే కుట్టించుకునే అలవాటు మనలో చాలామందికి వుంది. బజారులో అడిగినంత ఇచ్చి వచ్చే మనం, పక్కింటి ఆమె దగ్గర బేరమాడతాం. ఆ మిషను మీదే ఆమె పిల్లల ఫీజులు గడుస్తున్నాయి. కానుకగా ఆమె ఇస్తే సంతోషంగా తీసుకోండి. పని చేయిస్తే మాత్రం కూలి ఇవ్వండి. రెండవది, సూది ఆడపిల్లలకే అని ఎవరన్నారు? మన దర్జీలలో ఎంతమంది మగవారు లేరు? అబ్బాయిలు కూడా కనీసం తమ చొక్కా గుండీ తాము కుట్టుకోవాలి.

రాబోయే ఏడాదిలో ప్రతి కుటుంబమూ ఒక్క శుభకార్యానికైనా ఇంట్లో కుట్టిన కానుక తీసుకువెళ్లాలని మా మనవి. ముందుగా కొంచెం కలిగినవారు మొదలుపెట్టండి. మీరు గలీబుల జతతో పెళ్లికి వస్తే, లేనివారు సంచి పట్టుకుని ధైర్యంగా వస్తారు. ఆ రోజు ఒంట్లో బాగాలేదని ఎవరూ కబురు పంపరు.