ఎదుగు వయస్సు – మనోవ్యాకులత

పిల్లలు ఈడునకు వచ్చు కాలమున ఎత్తు పెరుగుట, గొంతు మారుట, మొగమున మొటిమలు లేచుట ఎల్లరికిని కనబడును. అదే సమయమున లోపల జరుగు మరియొక మార్పు కంటికి కనబడదు. దానిని గుర్తింపనందున కొందరు బిడ్డలు మూగగా బాధపడుచున్నారు.

మెదడు అడుగుభాగమున హైపోథాలమస్ అను చిన్న కేంద్రము కలదు. భయముగాని దిగులుగాని కలిగినపుడు అది పీయూషగ్రంథికి కబురు పంపును. ఆ గ్రంథి, మూత్రపిండములపై టోపీలవలె నున్న అడ్రినల్ గ్రంథులను మేల్కొలుపును. అవి కార్టిసాల్ అను హార్మోనును రక్తములోనికి వదలును. రక్తములో చక్కెర హెచ్చి, దేహము ఆపదను ఎదుర్కొనుటకు సిద్ధమగును. కార్టిసాల్ మనకు శత్రువు కాదు. ఉదయమున హెచ్చి రాత్రికి తగ్గుట దాని నిత్యక్రమము. కాని ఒత్తిడి నెలల తరబడి విడువనిచో ఆ క్రమము చెదరును. కొందరిలో అది అధికమగును, కొందరిలో మొద్దుబారును. నిద్రయు, ఆకలియు, జ్ఞాపకశక్తియు దెబ్బతినును.

యౌవనమునకు నాంది పలుకునదియు ఆ హైపోథాలమసే. ఆ వయస్సున ఉద్వేగములు ముందుగా బలపడును. వాటిని అదుపుచేయు మెదడుభాగము ఇరువది యేండ్లు దాటినను పరిణతి చెందుచునే యుండును. బాల్యమున వ్యాకులత బాలబాలికలలో ఇంచుమించు సమానము. ఈడు వచ్చిన పిదప బాలికలలో దాదాపు రెండింతలగును. తోటివారికంటె ముందుగా ఈడేరిన బాలికలకు ఈ ప్రమాదము మరింత హెచ్చు. ఇందులకు హార్మోనులొక్కటియే కారణము కాదు. ఇంటిస్థితి, అవమానము, ఒంటరితనము కూడ కారణములే.

ఇక మన ఖమ్మము, భద్రాచలము అడవిసీమను చూడుడు. కోయబిడ్డలనేకులు సరిగా ఈ వయస్సుననే తల్లిదండ్రులను విడిచి ఆశ్రమ పాఠశాలలలో నుందురు. ఇంట కోయభాష, బడిలో తెలుగు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని హింసకు వెరచి అడవిదాటి వచ్చిన గుత్తికోయల కుటుంబములును ఇచట కలవు. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినపుడు ఎన్నో కుటుంబములు ఇండ్లు విడువవలసివచ్చెను. ఇట్టి పిల్లలందరును వ్యాకులతకు లోనగుదురని కాదు. వారిపై పడు బరువు మాత్రము తక్కువది కాదు.

ఈ వ్యాధి ఎల్లప్పుడును కన్నీటి రూపమున రాదు. చిరాకు, ఆటపాటలయందు విముఖత, నిద్రలేమి, కారణము తెలియని కడుపునొప్పి, తలనొప్పి – ఇవియు దాని గురుతులే. గాలి సోకినదని కొందరు, చదువు ఎగవేయుటకు వేషమని కొందరు అందురు. ఇట్టి స్థితి రెండు వారములు విడువకున్నచో వైద్యునకు చూపవలయును. చావవలెనని తోచుచున్నదా అని మెల్లగా అడుగుటకు జంకరాదు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు, లోనున్నది బయటపడును.

ఆశకును ఆధారము కలదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమునకు చెందిన మెగన్ గన్నర్ బృందము 2019లో ఒక పరిశోధన ప్రకటించెను. శైశవమును అనాథాశ్రమములలో గడిపి, పిదప దత్తతకు వచ్చిన పిల్లలను వారు పరిశీలించిరి. మొదట వారిలో కార్టిసాల్ స్పందన మొద్దుబారియుండెను. మంచి ఇండ్లలో పెరుగుచు ఈడు వచ్చుకొలదియు అది తోటిపిల్లల స్థితికి చేరువయ్యెను. అనగా ఈ వయస్సు గండము మాత్రమే కాదు, దేహము తన్ను తాను దిద్దుకొను అవకాశము కూడ.

ఆ అవకాశమునకు కావలసినది ఆదరణ. వసతిగృహమున బిడ్డ మాట వినుటకు ఒక పెద్దదిక్కు, వీలైనచో వాని భాషలోనే పలుకరించువారు, చాలినంత నిద్ర, ఇంటివారితో తరచు మాటలాడు వీలు – ఇవి పెద్ద వ్యయముతో కూడిన పనులు కావు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి, తెలుగులోనే సలహా పొందవచ్చును.

బిడ్డకు జ్వరము వచ్చిన నుదుట చేయి వేసి చూతుము. మాటలు తగ్గిన బిడ్డను కూడ అట్లే ప్రక్కన కూర్చుండబెట్టుకొని అడుగుట మన విధి.