తుపాను తరువాత తల్లి కంచము

(మన సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను కాను. మెట్రిక్ వరకు చదివి రైల్వే ఆఫీసులో గుమాస్తాగా ఉన్నవాడను. ఈ విషయము మాట్లాడుటకు నాకు గల అర్హత ఒక్కటే: ఈ ఖుర్దారోడ్డు రైల్వే కాలనీలో రెండు పెద్ద తుపానులు చూచినాను.

1999 అక్టోబరు 29న పెనుతుపాను వచ్చినప్పుడు నాకు పదేండ్లు. పారాదీప్, ఎరసమ వైపు సముద్రము ఊళ్లమీదికి వచ్చినది. ఈ రాష్ట్రములో దాదాపు పదివేలమంది పోయినారు. మా క్వార్టరు రేకులు ఎగిరినవి గాని మేము దక్కినాము. మా చెల్లెలు అప్పటికి నాలుగు నెలల పసికందు. అమ్మ గంజి కాచి అందరికీ పోసి, "నేను ముందే తాగినానురా" అనేది. తాగలేదని నాకు చాల కాలమునకు గాని తెలియలేదు.

తుపాను గాలి ఒకనాటితో పోవును. దాని ఆకలి నెలల తరబడి ఉండును. తీరపు చేలలో ఉప్పునీరు నిలుచును. మునగ, అరటి, కొబ్బరి కూలును. పాడిపశువులు పోవును, కూలి దొరకదు. నూతినీరు చెడి పిల్లలకు విరేచనములు పట్టును. తిన్న కాస్తయు ఒంట పట్టదు. నీరసించిన బిడ్డకు మళ్లీ రోగము తగులును. సాయముగా వచ్చునవి బియ్యము, అటుకులు, బెల్లము. వాటితో కడుపు నిండును గాని, పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు లేనిదే గర్భిణికి బలము రాదు, బిడ్డ ఎదుగదు. బిడ్డ కడుపున పడిననాటి నుండి రెండేండ్లు నిండువరకు, అనగా సుమారు వెయ్యి దినములలో తగ్గిన ఎదుగుదలను తరువాత పూడ్చుట కష్టము.

2019 మే 3న ఫణి తుపాను పూరీ వద్ద తీరము దాటినది. ముందుగానే సుమారు 12 లక్షలమందిని సురక్షిత స్థలములకు చేర్చుటచే ప్రాణనష్టము చాల తగ్గినది. ప్రాణములు కాపాడుట నేర్చుకొన్నాము. మరి కంచము మాట? అప్పుడు నా భార్య ఆరు నెలల గర్భవతి. నేను వరుసలో నిలిచి బియ్యము, కొవ్వొత్తులు తెచ్చి ఘనకార్యము చేసినాననుకొన్నాను. ఆమె ఐరన్ మాత్రలు అయిపోయి వారము దాటినదని గాని, మా అమ్మవలెనే ఆమెయు అందరి తరువాత మిగిలినది తినుచున్నదని గాని గమనించలేదు. ప్రక్కింటి ఒడియా అమ్మగారు గిన్నెడు దాల్మా తెచ్చి, ఎదుట కూర్చుండి తినిపించినప్పుడు నాకు సిగ్గు వేసినది.

కనుక నా మనవులు మూడు. మొదటిది, తుపాను హెచ్చరిక వినగానే కట్టుకొను మూటలో కందిపప్పు, వేరుసెనగలు, గర్భిణి మాత్రలు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు ఉండవలెను. రెండవది, "బెదిరి పాలు ఇగిరిపోయినవి" అని డబ్బాపాలకు పోరాదు. బిడ్డ కుడుచుచుండిన పాలు మరల పడును. చెడునీటితో కలిపిన డబ్బాపాలు ప్రాణము మీదికి తెచ్చును. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. మూడవది, మన సంఘము సాయము పంచునప్పుడు ఇంటికింత బియ్యమని ఊరుకొనక, ఏ ఇంట గర్భిణి, ఏ ఇంట బాలింత, ఏ ఇంట రెండేండ్లలోపు బిడ్డ ఉన్నారో జాబితా వ్రాసి, వారి వంతు వేరుగా తీయవలెను. తెలుగువారా, ఒడియావారా అని చూడరాదు. ఆ జాబితా వ్రాయు పని నాకిండు. గుమాస్తాను, అది నాకు చేతనగును.

ఈ పూట ఇంటికి పోయి ఉగాది పచ్చడి పంచునప్పుడు మొదటి గరిటె తల్లికి వేయుడు. సెలవు.