జైలు గోడల వెనుక మానని గాయం

ప్రాణభయాన్నో, ఘోరమైన హింసనో చవిచూసిన మనిషిని ఆ భయం నెల దాటినా వదలకపోతే వైద్యులు దాన్ని పీటీఎస్‌డీ అంటారు. పీడకలలు, నిద్రలేమి, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, ఆ సంగతి గుర్తుచేసే చోట్లను తప్పించుకు తిరగడం దీని లక్షణాలు.

అలాంటి భయం ఒకప్పుడు రాజ్యమేలిన చోటు, సింగపూర్‌లోని బెడోక్‌కు తూర్పున ఉన్న చాంగి జైలు. జపాన్ ఆక్రమణ కాలంలో, 1942 మార్చి 8న, కటోంగ్‌లో నిర్బంధించిన స్త్రీలను, పిల్లలను ఈ జైలుకు నడిపించారు. వారు సుమారు 400 మంది. భర్తలు బతికున్నారో లేదో చాలామందికి తెలియదు. అదే ఏడాది ఆ స్త్రీలు గుడ్డముక్కలపై బొమ్మలు, పేర్లు కుట్టి మూడు బొంతలు తయారుచేశారు. ఒక్కోదానిలో 66 చదరాలు. అవి సైనిక ఆసుపత్రికి చేరితే, కుట్టిన పేరే భర్తలకు తాము బతికున్నామన్న కబురు.

1943 అక్టోబరు 10న జపాన్ సైనిక పోలీసులు జైలుపై విరుచుకుపడ్డారు. ఖైదీల్లో ఒకరైన వైద్యురాలు సిసిలీ విలియమ్స్‌ను తర్వాత పట్టుకుపోయి నెలల తరబడి బంధించారు. ఇలాంటి అనుభవాలు మనసుకు చేసే గాయానికి పీటీఎస్‌డీ అన్న పేరు వైద్యగ్రంథంలోకి ఎక్కింది 1980లోనే.

నేటి మహిళా ఖైదీల్లో చాలామంది ఇంట్లోనో, బయటో హింసను భరించి జైలుకు వచ్చినవారే. తాళాల మోత, ఒంటి తనిఖీ, బిడ్డల ఎడబాటు ఆ పాత గాయాన్ని రేపుతాయి. అందుకే ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలు, జైలులో చేరగానే జరిపే ఆరోగ్య పరీక్షలో పీటీఎస్‌డీనీ గమనించాలంటాయి. గుర్తిస్తే మాటల చికిత్సతో, అవసరమైతే మందులతో ఉపశమనం సాధ్యమే.