మందుల చదువు
(మా సంఘపు ఉగాది సభలో చేసిన ప్రసంగము)



మేము డాక్టర్లము కాము. మెట్రిక్ ప్యాసై రైల్వేలో గుమాస్తాపని చేయువారము. అయినను ఈ విషయము నెన్నుకొనుటకు కారణము మా ఇంటిలోనే జరిగినది.

మా పెద్దమ్మగారికి కీళ్ళవాతము. డాక్టరుగారు రెండు మాత్రలు వ్రాసినారు. మెథోట్రెక్సేట్ వారమునకు ఒక్కసారి మాత్రమే. రెండవది ఫోలిక్ యాసిడ్. మందులకొట్టులోని కుఱ్ఱవాడు అట్టపై ఒడియాలో ఏదో గీచి చేతిలో పెట్టినాడు. ఆమెకు తెలుగు తప్ప మరొక లిపి రాదు. వారపుమాత్రను రోజూ వేసికొన్నారు. పదవనాటికి నోరంతా పూసి, మంచినీళ్ళు కూడ మింగలేక, ఆసుపత్రి పాలైనారు. రక్తకణములు పడిపోయినవన్నారు. ఆయుర్దాయముండి ఇంటికి వచ్చినారు.

కుఱ్ఱవాడేమి చదివినాడని మేమడుగగా, యజమాని గోడకున్న సర్టిఫికెట్టు చూపినాడు. అది మరెవరిదో! డాక్టరు చీటీపై మందు ఇచ్చుటకు రిజిస్టరైన ఫార్మసిస్టే ఉండవలెనని 1948 నాటి ఫార్మసీ చట్టము 42వ సెక్షను చెప్పుచున్నది.

చిత్రమేమనగా, ఆ రెండు మాత్రలును మన తెలుగువాని ప్రయోగశాలనుండి వచ్చినవే. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్ రివర్‌లో, లెడర్లీ సంస్థ పరిశోధనలకు పెద్దగా ఉన్నపుడు ఆయన బృందము వానిని తయారుచేసినది. అంతటివారు మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదట. మాబోటివారికి ఎంత ఊరట!

గంజాం మద్రాసు రాజధానిలో నున్న కాలమున వైద్యవిద్యకు మనకు దగ్గరిది విశాఖపట్నమే. 1923లో అక్కడ వైద్యకళాశాల వెలసినది. 1936లో మనము ఒడిశాలో చేరితిమి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఫార్మసీ చదువు 1951లో మొదలైనది. బరంపురమునకు మెడికల్ కాలేజి 1962లో వచ్చినది. దానికి పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిగారి పేరు పెట్టినారు. ఇప్పుడు ఖొడాసింగి వైపు, మొహుడా వైపు ఫార్మసీ కళాశాలలే ఉన్నవి. బండెక్కనక్కరలేదు.

ప్లస్ టూ సైన్సు తరువాత డి.ఫార్మ్ రెండేండ్లు, ఆపైన 500 గంటలు మందులకొట్టులోనో ఆసుపత్రిలోనో శిక్షణ. బి.ఫార్మ్ నాలుగేండ్లు, ఫార్మ్.డి ఆరేండ్లు. ఫీజు కట్టకముందే ఆ కళాశాలకు ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆమోదమున్నదో లేదో చూడుడు. లేనిచో చదువు ముగిసినను రిజిస్ట్రేషను దొరకదు. భవనము చూచి మోసపోవలదు.

నిన్న ఒక మిత్రులు, “అమ్మాయిచే డి.ఫార్మ్ చదివించి సర్టిఫికెట్టు కొట్టువానికి అద్దెకిచ్చిన నెలనెలా సొమ్ము వచ్చును గదా” అన్నారు. మాకు కోపము వచ్చినది. వారు మన్నింతురు గాక. మా పెద్దమ్మగారిని ఆసుపత్రి పాలు చేసినది అట్టి అద్దె కాగితమే.

ఒడియాను తప్పు పట్టుట లేదు. మన పిల్లలు ఒడియా చక్కగా నేర్వవలెను, లేకున్న ఇక్కడ మందులకొట్టు నడువదు. కాని అట్టపై రెండు తెలుగు ముక్కలు వ్రాయగలవారు కూడ ఊరికి కావలెను.

ఇప్పుడు మా వీధి ముసలమ్మలు సాయంకాలము మందుల సంచులతో మా అరుగుమీదికి వచ్చుచున్నారు. మా చిన్న చెల్లెలు డాక్టరు చీటీ చూచి, ఒక్కొక్క అట్టపై పూటయు వారమును తెలుగులో వ్రాసి ఇచ్చుచున్నది. ఈ యేడే ప్లస్ టూ సైన్సు పరీక్ష వ్రాసినది. డి.ఫార్మ్‌లో చేరుదునని పట్టుపట్టినది.