పెద్దపేరు – చిన్నపరీక్ష

2013లో స్వర్గస్థులైన మాలతీ చందూరుగారి ‘వంటలు–పిండివంటలు’ పొయ్యిచెంత నుంచుకొని వంట నేర్చిన తెలుగు గృహిణులు పెక్కండ్రు. నేడట్టి ప్రసిద్ధులు సెల్‌ఫోనులో వంట, చేతిపని, అలంకారము మూడును నేర్పుచున్నారు. ఉప్పు హెచ్చినచో నొకపూట కూర చెడును. కుట్టు తప్పినచో విప్పి మరల కుట్టవచ్చును. ముఖ మట్టిది కాదు. నిమ్మరసము పూసికొని యెండలో తిరిగినచో చర్మము కమిలి, మచ్చలు నెలలకొలది నిలువవచ్చును. కావున చెప్పినవా రెంతవారైనను, క్రొత్త లేపనమును మొదట మోచేతి లోపలివైపున నించుక పూసి రెండుమూడు దినములు చూడవలెను. దురదగాని మంటగాని పుట్టినచో దానిని విడువవలెను. పెద్దలు పిల్లలను మందలించుటకంటె నీ పరీక్షను నేర్పుట మేలు.