ఇంగ్లీషులో ‘ఇఫ్’ వాక్యాలు

ఇంగ్లీషులో షరతు వాక్యానికి రెండు భాగాలుంటాయి. ఒకటి షరతు, రెండోది ఫలితం. షరతు భాగం ఎక్కువగా ‘ఇఫ్’తో మొదలవుతుంది.

జరిగే అవకాశం ఉన్న సంగతైతే షరతులో వర్తమాన కాలం, ఫలితంలో ‘విల్’ వస్తాయి. ‘ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టే హోమ్.’ వాన రేపటిదే అయినా ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ అని రాయకూడదు. చాలామంది తడబడేది ఇక్కడే.

ఊహ మాత్రమే అయితే? షరతులో భూతకాల రూపం, ఫలితంలో ‘వుడ్’. ‘ఇఫ్ ఐ హ్యాడ్ ఎ కార్, ఐ వుడ్ డ్రైవ్ టు వర్క్.’ రూపం గతానిదే, మాట మాత్రం ఇప్పటిది. కారు ఇప్పుడు లేదు.

ఇక గడిచిపోయిన సంగతి. ఆమె చదవలేదు, పాసవలేదు. ‘ఇఫ్ షి హ్యాడ్ స్టడీడ్, షి వుడ్ హ్యావ్ పాస్డ్.’ షరతులో ‘హ్యాడ్ స్టడీడ్’, ఫలితంలో ‘వుడ్ హ్యావ్ పాస్డ్’.

కామా సంగతీ ఉంది. షరతు ముందొస్తే దాని తర్వాత కామా పెట్టాలి. ఫలితం ముందొస్తే సాధారణంగా కామా అక్కర్లేదు.

గుర్తుంచుకోవలసింది ఒక్కటే. ‘విల్’, ‘వుడ్’ సాధారణంగా ఫలితం వైపే ఉంటాయి, ‘ఇఫ్’ వైపు కాదు. రాసిన ప్రతి వాక్యాన్నీ ఈ సూత్రంతో సరిచూసుకుంటే చాలా తప్పులు తొలగిపోతాయి.