మంత్రి ముందరి బంటు

చాంద్రాయణగుట్ట దాటి బార్కస్ చేరినవారికి ఆ పేరే దాని చరిత్రను చెప్పును. బారక్సు అను మాటయే జనుల నోట బార్కస్ అయినది. నిజాము కొలువున నుండిన అరబ్బు సైనికుల నివాసములవి. యెమెన్ దేశమున హద్రమౌత్ సీమనుండి వచ్చిన వారి సంతతివారు నేటికిని అచట నున్నారు. 1948 తరువాత కొలువు పోయినది, పేరు నిలిచినది.

సేనను మోహరించుటను అరబ్బీలో తాబియా యందురు. ఈ మాట చదరంగమునకును ఎక్కినది. తొమ్మిది, పది శతాబ్దులలో బాగ్దాదున అల్ అద్లీ, అస్ సూలీ మున్నగు మేటి ఆటగాండ్రుండిరి. నాటి ఆటలో బంటు మొదటి ఎత్తునను ఒక్క గడియే నడచును. మంత్రియు మూలగా ఒక్క గడియే. ఇరుసేనలు తాకుకొనుటకే చాల ఎత్తులు పట్టును. కావున ఆటగాండ్రు తమకు నచ్చిన వ్యూహములను ముందే కుదుర్చుకొనిరి, అవియే తాబియాలు. నేటి గ్రాండుమాస్టరులును ఆట ఆరంభమున తరచు వచ్చు స్థితిని ఈ పేరనే పిలుతురు. బార్కస్ బాలునికి ఇది తాతల నాటి మాట. ఈ సంగతి చెప్పి చదరంగపు పుస్తకము చేతికిచ్చినచో, వాడు దానిని తెరవక మానడని నా నమ్మకము.

పిమ్మట ఐరోపాలో బంటుకు తొలి ఎత్తున రెండు గడుల నడకయు, మంత్రికి నేటి బలమును వచ్చినవి. అప్పుడే మంత్రి ముందరి బంటుకు విలువ పెరిగినది. రాజు ముందరి బంటు రెండు గడులు నడచినచో దానికి వెనుక అండ లేదు. దీనికి మంత్రియే అండ.

శ్రోతలు బల్లను ముందుంచుకొందురుగాక. తెలుపు మంత్రిబంటు రెండు గడులు నడచినది. నలుపును అట్లే చేసినది. తెలుపు మంత్రివైపు శకటు ముందరి బంటును రెండు గడులు నడిపి ఎరగా పెట్టును. ఇదియే క్వీన్స్ గాంబిట్. నలుపు దానిని తీసికొనవచ్చును, తప్పు లేదు. దాచుకొనబోవుటయే తప్పు. తెలుపు రాజుబంటును ఒక గడి జరుపగా, నలుపు తన మంత్రివైపు గుఱ్ఱపుబంటును రెండు గడులు నడిపి దోచిన బంటుకు కాపు పెట్టును. తెలుపు అటువైపు ఏనుగుబంటును రెండు గడులు తోయును. నలుపు శకటుబంటును ఒక గడి జరిపి దన్నిచ్చును. బంట్లు మారును. అప్పుడు తెలుపు మంత్రి మూలగా రెండు గడులు కదలును. అంతే! బల్ల చివర మూలనున్న నల్ల ఏనుగువరకు దారి తెరచియున్నది. గుఱ్ఱమునో శకటునో అడ్డువేసి బలియీయక ఏనుగు దక్కదు. చిన్ననాట నేనును ఈ ఆశచేతనే ఏనుగును పోగొట్టుకొని, బల్లను తిట్టితిని.

1927లో బ్యూనస్ ఎయిరిస్ నగరమున కాపబ్లాంకా, అలెఖిన్‌ల జగజ్జేతృ పోటీలో 34 ఆటలకు 32 ఈ ఎరను నిరాకరించు మార్గముననే సాగినవి. మన కాలమున చెన్నైలోని తెలుగు కుటుంబమున పుట్టిన గుకేశ్, 2024లో సింగపూరునందు డింగ్ లిరెన్‌తో మొదటి ఆటలో రాజుబంటును నడిపి ఓడెను. తెల్లపావులు మరల చేతికి వచ్చిన మూడవ ఆటలో మంత్రిబంటును నడిపెను. డింగ్ ఎత్తుగడలకు చిక్కి, గడియారపు వ్యవధియు ముగిసి ఓడెను. డిసెంబరు 12న, పదునెనిమిదేండ్ల ప్రాయమున, గుకేశ్ జగజ్జేత యయ్యెను.